కండె చుట్టినవాళ్ళ పేర్లు

జమ్మలమడుగు,
1958 ఫిబ్రవరి 9

చిరంజీవి ఓబుళయ్యకు వదిన చౌడమ్మ చెప్పి రాయించినది.

ఇక్కడ అందరం క్షేమం అని జైనబ్ మొదలుపెట్టబోతే వద్దన్నాను. క్షేమంగా ఉంటే ఉత్తరం ఎందుకు రాయిస్తాను. జైనబ్ అంటే మన మగ్గం మీద నేసే ఖాజా భార్య. ఐదో తరగతి దాకా చదివింది. నేను చెప్పినది పుస్తకాల తెలుగులో పెట్టి రాయమన్నాను. మీ సంఘం ఆఫీసులో నలుగురి ముందు చదివినా ఎవరూ నవ్వకూడదు.

మీ అన్న పోయి ఏడాది దాటింది. నేతపనివాళ్ళ సంఘం పుస్తకంలో ఆయన పేరు కొట్టేశారట. నా పేరు ఎక్కించడానికి వీల్లేదని మొన్న కాగితం వచ్చింది. కింద అధ్యక్షుడని నీ సంతకం ఉందని జైనబ్ చెప్పింది. రెండోసారి చూడమన్నాను. నీదే.

పేరు లేకపోతే సంఘం నూలు ఇవ్వదు. నూలు లేకపోతే మగ్గం నిలిచిపోతుంది. మగ్గం నిలిస్తే దాన్ని నమ్ముకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగవాడు ఏం తినాలి. నా వ్యాజ్యం ఇంతే. నా పేరు ఎక్కించు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పదిహేను దినాల కింద మీ గుమస్తా వచ్చాడు. చాప వేశాను, మజ్జిగ ఇచ్చాను. "అవ్వా, నువ్వు గుంటలో కూచ్చోని నేస్తాండావా?" అని అడిగాడు. "మా వంశంలో ఆడది మగ్గం గుంటలో కాలు పెట్టదు నాయనా" అని చెప్పాను. శానా మంచిమాట చెప్పినావని రాసుకొని పోయాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. అతడు రాసుకున్న తరువాత కూడా ఈ కాగితం ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆఫీసులో ఎవరో మార్చి ఉంటారు, కనుక్కో.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. నీకు అన్నం పెట్టానని ఎత్తిపొడవడం లేదు. కాగితంలో ఉండాలని చెప్తున్నాను.

నా తోడికోడలు రుక్మిణమ్మ దగ్గు ఎట్లుంది? అది రాయి.

ఇట్లు చౌడమ్మ వేలిముద్ర.


ప్రొద్దుటూరు,
1958 ఫిబ్రవరి 26

పూజ్యురాలైన వదినమ్మకు ఓబుళయ్య నమస్కరించి రాయడం.

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో ఎవరూ ఏదీ మార్చలేదు. గుమస్తా రాసుకున్న మాటను బట్టే నీ పేరు నిలిచిపోయింది. నేను నేయను అని నీ నోటితో నువ్వే చెప్పావు. అది చదివి నేను సంతకం చేశాను. వదిన అయినంత మాత్రాన సంతకం మార్చుకుంటే రేపు నన్ను ఎవరు నమ్ముతారు?

మా ఇంటి గోడమీద గడ్డం ఆయన పటం చూసి, ఈయన ఏ సాధువు అని నువ్వు అడిగావు గుర్తుందా? అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. సాధువు కాదు. జర్మనీలో పుట్టి, లండనులో పేదరికంలో బతికి, దేశాల సంపద అంతా ఎక్కడి నుంచి వస్తుందో లెక్క తేల్చిన మనిషి. వస్తువుకు విలువ వచ్చేది దాని మీద పడిన మనిషి శ్రమ వల్లనే అన్నాడు. పనిముట్టు ఒకడిది, శ్రమ ఇంకొకడిది అయినప్పుడు, పనిముట్టు ఉన్నవాడు రెండోవాడి శ్రమలో కొంత ఊరకనే తింటాడు అన్నాడు. ఆ ఒక్క లెక్కలో నుంచి ఒక జెండా పుట్టింది వదినా. సగం ప్రపంచం దాని కింద ఉంది. నేను రెండేళ్ళు జైలులో ఉన్నది దానికోసమే.

ఇప్పుడు నీ ఇల్లు చూడు. మగ్గం నీది. నేసేది ఖాజా. నువ్వు గుంటలో దిగవు. అంటే నువ్వు యజమానివి, అతడు కూలివాడు. యజమానులకు సంఘంలో చోటు లేదని నియమం రాసింది నేనే. ఆరు నెలలు బట్ట ఇవ్వనివాడి పేరు పోతుందనే నియమం కూడా నాదే. నీ మీద కోపంతో రాసినవి కావు.

ఖాజా పేరు ఎక్కిస్తాను. నూలు మీ ఇంటికే వస్తుంది. నీకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

రుక్మిణమ్మ బాగానే ఉంది. పొద్దంతా ఊరికే రాట్నం ముందు కూర్చునే మనిషికి దగ్గు ఎందుకు వస్తుందో డాక్టరుకు కూడా తెలియలేదు.

ఇట్లు,
ఓబుళయ్య


జమ్మలమడుగు,
1958 మార్చి 20

ఓబుళయ్యకు చౌడమ్మ రాయించినది.

నీ ఉత్తరం జైనబ్ చదివింది. యజమాని అనే మాట దగ్గర ఆగి నా ముఖం చూసింది. చదువు అన్నాను.

గుంటలో కాలు పెట్టను అని నేను అన్నది పని చేయనని కాదు. ఆ మాట మీ అమ్మ నేర్పింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేను ఆడుకుంటూ గుంటలోకి దిగబోతే చెయ్యి పట్టి లాగి, "గుంట మగోళ్ళది, రాట్నం మనది. ఎవురడిగినా గుంటలో కాలు పెట్టలేదని చెప్పు, మన ఇంటికి మర్యాద" అంది. నలభై రెండేళ్ళు ఆ మర్యాద కాపాడాను. నీ గుమస్తా అడిగితే అదే చెప్పాను. నువ్వు ఆ ఇంట్లోనే పుట్టి పెరిగావు. నీకు తెలియని మాట కాదు.

నీ గడ్డం ఆయనకు తెలియదేమో, చెప్తాను. ఆయన గుంటలో కూర్చోని నేసినవాడు కాదు గదా. నూలు వస్తుంది. దాన్ని నానబెట్టేది నేను. ఆరబెట్టేది నేను. చిక్కు తీసి రాట్నానికి ఎక్కించేది నేను. పడుగు వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకు సాగదీసి గంజి పట్టిస్తాము, ఎండ ముదరక ముందే కుంచె తోయాలి, అందులో నలుగురు ఆడవాళ్ళం ఉంటాము. తెగిన పోగులు అతికేది మేము. ఆ తరువాత, పోగుల మధ్య తిరిగే నాడెలో పెట్టడానికి రాట్నం మీద నూలు చుట్టిన కండెలు. ఒక్క చీరకు ఎన్ని కండెలు పడతాయో నువ్వు నేసేవాడివి, నీకు తెలుసు. కండె అయిపోతే మగవాడు తల ఎత్తకుండా చెయ్యి చాపుతాడు. ఆ చేతిలో కండె పడుతుంది. ఎక్కడి నుంచి పడిందో నువ్వు ఏనాడైనా చూశావా?

ఖాజా కూలివాడు అన్నావు. ఖాజాకు నేను కూలి ఇచ్చింది లేదు. చీర దిగి అమ్ముడుపోతే వచ్చింది ఆ ఇంటికి సగం, ఈ ఇంటికి సగం. మీ అన్న ఉన్నప్పుడు పెట్టిన పద్ధతే. గుమస్తా అడగలేదు, నేను చెప్పలేదు.

ఖాజా పేరే ఎక్కించు. నూలు కావాలి. నేను ఒప్పుకున్నానని మాత్రం రాసుకోవద్దు.

రుక్మిణమ్మ దగ్గు నూలు దుమ్ముది. నాకూ ఉంది. డాక్టరు అవసరం లేదు, కిటికీ దగ్గర కూర్చోబెట్టు. రాట్నం జరపాలంటే ఆమె నిన్ను అడగదు, నువ్వే జరుపు.

చౌడమ్మ వేలిముద్ర.


ప్రొద్దుటూరు,
1959 అక్టోబరు 11

పూజ్యురాలైన వదినమ్మకు నమస్కారాలు.

ఏడాదిన్నరగా ఉత్తరం రాయలేదు. నువ్వు కోపంగా ఉన్నావని నేను, నేను కోపంగా ఉన్నానని నువ్వు. నీ ఉత్తరం జైనబ్ చేతిరాత గనుక, చెరిసగం అనే మాట ఖాజా చెప్పి రాయించాడని అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. అయినా దానివల్ల మారేది ఏమీ లేదు.

పాత జెండా వదిలేశాను. గడ్డం ఆయన పటం తీసి అటక మీద పెట్టించాను. గోడమీద ఆ మేర తెల్లగా కనిపిస్తున్నది. నెల దినాలు ఏ పుస్తకమూ చదవలేదు. ఈ శ్రావణంలో కొత్త పార్టీ పెట్టారు గదా, దానివాళ్ళు వచ్చి నన్ను అడిగారు. చేరాను.

ఈ పార్టీ వెనుక కూడా ఒక పుస్తకం ఉంది. రాసినాయన గడ్డం ఆయన కంటే వంద ఏండ్ల ముందటి స్కాట్లండు మనిషి. గుండుసూదుల తయారీతో మొదలుపెడతాడు. ఒక్కడే అన్నీ చేస్తే దినానికి ఒక్క సూది కూడా కష్టం. ఒకడు తీగ సాగదీసి, ఒకడు తుంచి, ఒకడు మొన తీసి, ఇట్లా పద్దెనిమిది పనులు పంచుకుంటే వేలకు వేలు వస్తాయి అన్నాడు. ఎవడి లాభం వాడు చూసుకుంటే అంగడే అందరినీ సరిచేస్తుంది అన్నాడు. చిత్రమేమంటే, గడ్డం ఆయన కూడా ఈయన పుస్తకం చదివే తన లెక్క మొదలుపెట్టాడు. శ్రమే విలువ అని ఇద్దరూ ఒకచోటనే బయలుదేరారు. ఒకరి వెంట పోయినవాళ్ళు ఒక జెండా పట్టారు, ఇంకొకరి వెంట పోయినవాళ్ళు ఇంకొకటి. ఢిల్లీలో ప్రణాళికలు వేసేవాళ్ళకు మూడో ఆయన ఉన్నాడు. పనులు లేని కాలంలో సర్కారు గుంతలు తవ్వించి మళ్ళీ పూడిపించినా దేశానికి మేలే అన్నాడట. నేను ముగ్గురినీ చదివాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు.

సంఘం నియమాలు మార్చాము. ఇకమీదట మగ్గమూ నేతా ఒకరివే అయితేనే పుస్తకంలో పేరు ఉంటుంది. మీ ఇంట్లో నేత ఖాజాది, మగ్గం నీది. రెండూ ఒకరివి కావు గనుక ఈ నెల నుంచే నూలు ఆగిపోతుంది. దారి ఒకటే. మగ్గం ఖాజాకు అమ్మెయ్యి. అతడు సభ్యుడు అవుతాడు. నువ్వు చుట్టే కండెలకు అతడు ధర కట్టి ఇస్తాడు. ఎవరి బలవంతమూ లేని ఒప్పందం.

ధర ఎంతని నేను అంగట్లో విచారించాను. కండె చుట్టడానికి ధర లేదన్నారు. ఎవరింటి కండెలు ఆ ఇంటి ఆడవాళ్ళే చుట్టుకుంటారు, కొనేవాళ్ళు లేరు. ధర లేనిదాన్ని సరుకు అనడానికి లేదు. మీరిద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకోండి.

రుక్మిణమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

ఓబుళయ్య


జమ్మలమడుగు,
1959 నవంబరు 2

ఓబుళయ్యకు.

గోడమీద పటం మార్చినా మార్చకపోయినా నా పేరు లేదు. పోయినసారి గడ్డం ఆయన నన్ను యజమానిని చేశాడు. ఈసారి గుండుసూదుల ఆయన నన్ను ఏమీ కాకుండా చేశాడు. యజమానిని అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు రాలేదు. జైనబ్ చదువుతూ ఉంటే వక్కాకు నములుతూ విన్నాను.

సూదికి పద్దెనిమిది పనులని లెక్కపెట్టినాయన, ఏ పనినీ వదలలేదు గదా. మొన తీసేవాడు పనివాడే, కాగితానికి గుచ్చేవాడూ పనివాడే. చీర దగ్గరికి వచ్చేసరికి నువ్వు ఒక్క పనినే లెక్క పెడుతున్నావు. ఆ లెక్క ఆయనదా, నీదా? ఇంగ్లీషు తెలిసినవాడివి, మళ్ళీ ఒకసారి చదివి చూడు. గుంతలు తవ్వి పూడ్చినవాడికి కూడా పనివాడని పేరు ఉందన్నావు. కండె చుట్టినదానికి లేదు. ముగ్గురినీ చదివిన మనిషివి, నీ ఇంట్లో నీ వెనుక రాట్నం తిరుగుతున్న చప్పుడు వినపడలేదా?

మగ్గం అమ్మమన్నావు. ఖాజాను పిలిచి అడిగాను. "నాకొద్దు పెద్దమ్మా. నీ మగ్గం నేను కొంటే, ఇంక నిన్ను కండె అడగాలంటే నాకు నోరు రాదు" అన్నాడు. నూలు ఆగినాక వాడు యర్రగుంట్ల దిక్కు నాపరాళ్ళ గనికి పోతున్నాడు. వారానికి ఒకసారి వస్తాడు. చేతులు చూపించాడు. నేసే చేతులు కావు అవి ఇప్పుడు.

మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. పాతబట్ట కప్పాము. నేనూ జైనబూ ఇతరుల ఇండ్లలో గంజిపనికి పిలిస్తే పోతున్నాము. ధర లేదని నువ్వే చెప్పావు గదా, వాళ్ళు అన్నం పెడతారు.

రుక్మిణమ్మ నన్ను అడిగిందన్నావు. ఏమి అడిగిందో రాయలేదు.

చౌడమ్మ


ప్రొద్దుటూరు,
1960 జనవరి 17

వదినమ్మకు,

నిన్న మధ్యాహ్నం రుక్మిణమ్మ పోయింది. రాట్నం దగ్గరనే. నేను గుంటలో ఉన్నాను. చెయ్యి చాపాను, కండె రాలేదు. తల తిప్పి చూశాను.

వచ్చేటట్టయితే రా.

ఓబుళయ్య


జమ్మలమడుగు,
1960 ఫిబ్రవరి 4

ఓబుళయ్యకు.

దినాలకు వచ్చాను, చూశావు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. కిటికీ పక్కన కూర్చోని పెన్న చూస్తూ వచ్చాను. ఏట్లో నీళ్ళు లేవు, ఇసుక తోలే బండ్లు పోతున్నాయి.

మీ ఇంట్లో రాట్నం గోడ మూలలోనే ఉంది. కిటికీ అవతలి పక్క ఉంది. అది చూశాను అని రాయమని జైనబ్‌కు చెప్పాను. ఇంకేమీ రాయొద్దన్నాను.

చౌడమ్మ


పులివెందల,
1960 ఆగస్టు 21

పూజ్యురాలైన వదినమ్మకు ఓబుళయ్య నమస్కరించి రాయడం.

కూతురి ఇంటికి వచ్చి నెల అయింది. అల్లుడు మంచివాడు. వసారాలో మంచం వేశారు. వేరుశనగ కాయలు ఎండబోసి ఉంటే కోళ్ళను తోలుతూ కూర్చుంటాను.

ఎందుకు వచ్చానో చెప్తాను. రుక్మిణమ్మ పోయినాక మగ్గంలో కూర్చున్నాను. నాడెలో కండె లేదు. నేనే చుట్టుకుందామని రాట్నం దగ్గరికి పోయాను. పోగు తెగిపోతుంది, చుట్టినది జారిపోతుంది. పది కండెలకు ఒక పూట పట్టింది, అవి మగ్గంలో పెడితే చిక్కుపడ్డాయి. ఎవరినైనా కూలికి పెట్టుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. ఎంత అడిగితే అంత ఇస్తానన్నాను. "ఆడదిక్కు లేని ఇంట్లో కూచ్చోని మేమెట్ల చుడతామప్పా, మా ఇంటి కండెలకే మాకు దినం సాలడం ల్యా" అన్నారు. దుడ్లు చేతిలో పట్టుకొని నిలబడ్డాను వదినా. కొనడానికి ఏమీ లేదు.

ప్రతి దినమూ పొద్దున్నే గుంటలో దిగేవాడిని. అలవాటు. మధ్యాహ్నం దాకా అట్లే కూర్చొని లేచేవాడిని.

ఆరు నెలలు అయింది. జులైలో సంఘం కూడింది. అంతకు ముందే అధ్యక్ష పదవి పోయింది, నేను తీసుకువచ్చిన మనిషే ఆ కుర్చీలో ఉన్నాడు. నా నియమం పుస్తకం తీసి చదివాడు. ఆరు నెలలు బట్ట ఇవ్వని సభ్యుడు. నా పేరు ఎదురుగా 'పని చేయడం లేదు' అని రాశారు. నేను లేచి, గుంటలోనే కూర్చొని ఉన్నాను గదా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పాత జెండావాళ్ళు, కొత్త జెండావాళ్ళు ఇద్దరూ చెయ్యి ఎత్తారు. అన్నేళ్ళలో వాళ్ళు ఒకదానికి కలిసి చెయ్యి ఎత్తడం అదే చూశాను.

అడగడానికి నోరు రావడం లేదు. అయినా రాస్తున్నాను. నువ్వు ప్రొద్దుటూరికి వచ్చి కండెలు చుట్టిపెడితే నేను నేస్తాను. మూడు నెలలు బట్ట ఇస్తే నా పేరు తిరిగి ఎక్కుతుంది. నీకు ఏ లోటూ రానివ్వను.

ఇట్లు,
ఓబుళయ్య


జమ్మలమడుగు,
1960 సెప్టెంబరు 6

ఓబుళయ్యకు వదిన చౌడమ్మ చెప్పి రాయించినది.

ప్రొద్దుటూరికి నేను రాను.

నీ మీద పంతంతో కాదు. పంతం ఉంటే బాగుండేది, అది కూడా లేదు. నేను వచ్చి చుడితే నీ పేరు ఎక్కుతుంది. రేపు నేను పోతే నువ్వు మళ్ళీ గుంటలో కూర్చొని చెయ్యి చాపుతావు. అప్పుడు ఎవరిని పిలుస్తావు?

చేయవలసినది వేరే ఉంది. విను. జైనబ్ చిన్న ఉత్తరాలు రాస్తుంది గానీ, ఆఫీసు భాష రాదు. నీకు వచ్చు. పులివెందలలో కోళ్ళు తోలుతున్నావు, తీరికగా ఉన్నావు. సంఘానికి ఒక అర్జీ రాయి. రాట్నం తిప్పేవాళ్ళు, గంజి పెట్టేవాళ్ళు, పోగులు అతికేవాళ్ళు కూడా నేతపనివాళ్ళే అని, వాళ్ళ పేర్లు కూడా పుస్తకంలో ఎక్కించాలని. గడ్డం ఆయన మాట కావాలంటే ఆయనది పెట్టు, సూదుల ఆయన మాట కావాలంటే ఆయనది పెట్టు. ఏ జెండావాడు చదివినా కాదనలేని విధంగా రాయడం నీకు చేతనవును. నన్ను కాదనడానికి రెండుసార్లు రాశావు గదా.

ఈ వీధిలో అడిగాను. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. మగవాళ్ళు ఏమంటారో అని. బిస్మిల్లా బీ ముందుకు వచ్చింది. ఆమె తరువాత ఒక్కొక్కరు వచ్చారు. నాతో జైనబ్‌తో కలిపి పదకొండు మందిమి. పదిమందివి వేలిముద్రలు, జైనబ్‌ది సంతకం. విడి కాగితం మీద వేసి ఇందులో పెట్టాను. ఎవరి ముద్ర ఎవరిదో పక్కన జైనబ్ పేర్లు రాసింది. కలిసిపోకుండా చూడు.

వాళ్ళు ఎక్కిస్తారని నేను అనుకోవడం లేదు. మళ్ళీ కాగితం వస్తుంది. అప్పుడు మళ్ళీ రాద్దాం.

నీ పేరు కూడా పెట్టాలని ఉంటే అడుగున పెట్టు, ఇది రాసినవాడు ఫలానా అని. చుట్టినవాళ్ళలో కలపవద్దు.

మొదటి పేరు రుక్మిణమ్మది రాయి. ఆమె వేలిముద్ర లేదు, అక్కడ ఖాళీ ఉంచు. చనిపోయిన మనిషిని ఎట్లా రాశావని అడుగుతారు. కొట్టేసేది ఉంటే వాళ్ళే కొట్టేస్తారు. నువ్వు రాయి.

చౌడమ్మ